సత్యవతమ్మ సీసాలు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా బడిలో అందరికీ తెలుసు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఈ కథలో సగం తప్పు దానిదే. మిగతా సగం తనదని సత్యవతమ్మ అంటుంది. నేను ఒప్పుకోను.

సత్యవతమ్మ మా బడిలో ఆయా. యానాంలో గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల ఉన్న ఆడపిల్లల బడి మాది. అక్కడ నేను సైన్సు చెబుతాను. పన్నెండేళ్లుగా గంట కొట్టేదీ, గదులు ఊడ్చేదీ, ఆటల్లో మోకాలు చెక్కుకుపోయిన పిల్లకి పసుపు అద్దేదీ ఆవిడే. పిల్లలందరికీ ఆయమ్మ. పుట్టింది అడవిపొలంలో, మెట్టింది దరియాలతిప్పలో. భర్త వల మనిషి. ఇప్పుడు ఆయనకి మోకాళ్ల నొప్పులు, పడవెక్కడం మానేశాడు. ఆవిడ మాత్రం ఏదీ మానలేదు. బడికి రాకముందే, తెల్లవారుతూనే, ఇంటి పక్క పాయలో చిన్న రొయ్యలు పట్టి, బతికుండగానే నీళ్ల సీసాల్లో వేసుకుని గట్టు దగ్గరికి తెస్తుంది. గాలాలు వేసేవాళ్లు వాటిని ఎరకి కొనుక్కుంటారు. చచ్చిన రొయ్యని పెద్ద చేప ముట్టదట. అందుకని గాలాలవాళ్లు ఆవిడ షేర్ ఆటో దిగేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటారు.

సీసాలకి ఆవిడ ఇంట్లో కొదవ లేదు. గట్టు మీద షికారుకి వచ్చినవాళ్లు తాగి పారేసినవన్నీ ఏరుకొచ్చి, కడిగి, ఎండబెట్టి, మూతలు పెట్టి గోడవారన వరసగా పేరుస్తుంది. ఆ వరస నేనొకసారి చూశాను. మా ప్రయోగశాలలో గాజు సామాను కూడా అంత శుభ్రంగా ఉండదు.

ఆ ప్రయోగశాల ఊడవడానికి మాత్రం ఆవిడకి మిగతా గదులకంటే రెట్టింపు సమయం పడుతుంది. చీపురు చేత్తో పట్టుకుని గోడమీద గుండె బొమ్మ ముందు నిలబడిపోతుంది. "ఈ నీలం గొట్టాలు దేనికండి, ఎర్రయి చాలవా?" అని అడుగుతుంది. మరో రోజు అయస్కాంతం పట్టుకుని, "ఇది ఇనుముని గుర్తుపడతాది కదండీ, మరి ఇత్తడిని ఎందుకు గుర్తుపట్టదండి?" అంటుంది. నాకు తీరిక ఉంటే చెబుతాను. లేకపోతే, "తర్వాత చెబుతాను సత్యవతమ్మగారూ" అంటాను. ఆవిడ తలూపి వెళ్లిపోతుంది. నా 'తర్వాత'లు చాలావరకు రానే లేదని ఇప్పుడు లెక్క చూసుకుంటే తెలుస్తోంది.

ఇక అసలు విషయం. ప్రతి ఏడాదీ మా బడిలో సైన్సు ప్రదర్శన జరుగుతుంది. కిందటేడు పదిహేను ప్రాజెక్టులు వస్తే పదకొండు కాకినాడలో దుకాణం నుంచి అట్టపెట్టెతో సహా దిగాయి. అందులో మూడు ఒకే రకం ఫౌంటెన్లు, మూడింటికీ ఒకే నీలం మోటారు. నీళ్లు ఎందుకు లేస్తున్నాయమ్మా అని అడిగితే, ముగ్గురు పిల్లలూ స్విచ్చు చూపించారు. ఆ రోజు నేను అరిచిన అరుపు పక్క వీధిలో టీకొట్టు దాకా వినిపించిందని చెప్పుకుంటారు. ఈ ఏడాది నియమం పెట్టాను. దుకాణం సరుకు వద్దు, మోటారు వద్దు, బ్యాటరీ వద్దు. ఇంట్లో పారేసే వస్తువులతోనే చెయ్యాలి.

తొమ్మిదో తరగతి సాయిదివ్య ముందుగా చెయ్యెత్తింది. "మేడం, మోటారు లేకుండా నీళ్లు వాటంతటవే పైకి లేచే ఫౌంటెన్ చేస్తాను" అంది.

వాళ్ల నాన్న రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. గోదావరి జిల్లా పల్లెనుంచి వచ్చి మెట్టకూరులో అద్దెకుంటున్నారు. ఈ పిల్ల రెండేళ్లయినా క్లాసులో నోరు విప్పింది తక్కువ. అందుకే ఆ చెయ్యి లేవగానే నాకు ముచ్చటేసింది. ఫోన్లో ఎక్కడో చూసి బొమ్మ గీసుకొచ్చింది. చెరువుల దగ్గర పారేసిన సన్న గాలి పైపు వాళ్ల నాన్న తెచ్చిచ్చాడు. ఖాళీ ఐస్‌క్రీం డబ్బా ఒకటి, సిరా అయిపోయిన బాల్‌పెన్ను ఒకటి ఇంట్లో దొరికాయి. కావలసినవి రెండు పెద్ద సీసాలు. అవి సత్యవతమ్మ ఇచ్చింది.

ఫౌంటెన్ అమరిక ఇదీ. అన్నిటికన్నా పైన ఐస్‌క్రీం డబ్బా, దాని కింద నీళ్లు నింపిన సీసా, నేలమీద ఖాళీ సీసా. డబ్బాలో నీళ్లు పోస్తే అవి ఒక పైపు గుండా నేలమీది సీసాలోకి దిగుతాయి. అక్కడున్న గాలికి చోటు చాలక, రెండో పైపు గుండా నడిమి సీసాలోకి పోతుంది. పోయి అక్కడి నీళ్లని నొక్కుతుంది. ఆ నీళ్లు తప్పించుకోవడానికి మూడో పైపు ఒక్కటే దారి. అందులోంచి పైకెళ్లి, పెన్ను ములుకులోంచి చిమ్ముతాయి. ఇందులో అబద్ధం లేదు, మంత్రం లేదు. ఇలాంటిది జనం వందల ఏళ్లుగా చేస్తున్నారు.

సోమవారం మధ్యాహ్నం సాయిదివ్య మూతలకి మధ్యలో కాల్చిన మేకుతో కంతలు పెట్టి, పైపులు దూర్చి, చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోసింది. చెంబుతో డబ్బాలో నీళ్లు పోసింది. నీళ్లు బుద్ధిగా నేలమీది సీసాలోకి దిగిపోయాయి. పెన్ను ములుకు పొడిగానే ఉంది.

మళ్లీ పోశాం. మళ్లీ అంతే.

గుమ్మం దగ్గర చీపురుతో నిలబడి సత్యవతమ్మ ఇదంతా చూస్తోంది. "టీచరుగారండీ, మోటారు లేదు కదండీ. మరి నీళ్లని పైకి ఎవరు తోత్తారండి?" అని అడిగింది.

"గాలి" అన్నాను, పైపుని అటూ ఇటూ తిప్పుతూ.

"గాలే! అయితే ఆ గాలి ఎటూ పోదాండి?"

"ఇప్పుడు కాదు సత్యవతమ్మగారూ. తర్వాత చెబుతాను."

ఆవిడ తలూపి వెళ్లిపోయింది.

మంగళవారం పైపులు మార్చాం. పెన్ను ములుకు కడిగి, ఊది చూశాం. ఎత్తు చాలలేదేమోనని బల్లమీద స్టూలు, స్టూలుమీద డబ్బా ఎక్కించాం. ఫలితం లేదు. హెడ్మాస్టరు శ్రీనివాసరావుగారు అటుగా వచ్చి కాసేపు చూశారు. "ఎందుకమ్మా శ్రావణీ ఈ తిప్పలు? చేపల తొట్టిలో వేసే చిన్న మోటారు ఒకటి డబ్బా అడుగున దాచేస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"నాకు తెలుస్తుంది సార్" అన్నాను. ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

బుధవారం సీసాలే మార్చేద్దామనుకున్నాను. ఎక్కడో చీలిక ఉండొచ్చు. సత్యవతమ్మ మర్నాటి ఎరకోసం కడిగి ఉంచుకున్న వాటిలోంచి కొత్త జత తెచ్చి ఇచ్చింది. "నా సీసాలకి వంక పెట్టలేరండి, ఇన్నేళ్లలో ఒక్క రొయ్యా చావలేదు" అంది, కొంచెం నొచ్చుకుంటూ. సాయిదివ్య మళ్లీ మేకు కాల్చింది, మళ్లీ మైనం పోసింది. వేలు చుర్రుమన్నా కిక్కురుమనలేదు. నీళ్లు పోశాం. కిందికి దిగాయి. పైకి రాలేదు.

నేను అక్కడ ఒక గొప్ప నిర్ణయానికి వచ్చాను. పైపులు మార్చాం, సీసాలు మార్చాం, ఎత్తు మార్చాం. కాబట్టి తప్పు మిగిలినదానిలోనే ఉండాలి. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి తర్కం నాకు భలే ఇష్టం.

గురువారం మూడో పీరియడ్‌లో ఐదోసారో ఆరోసారో నీళ్లు కిందికి దిగి ఊరుకున్నాక నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లవారితే ప్రదర్శన. నలుగురు పిల్లలు చూస్తుండగా అనేశాను. "అన్నీ మార్చాం దివ్యా, మారనివి నీ చేతులే. ఏం చేతులే అవి! ఏం పట్టుకున్నా నిలవదు. నాలుగింటిలోపు లేస్తే సరే, లేకపోతే రేపు నీ చోట ఎనిమిదో తరగతివాళ్ల అగ్నిపర్వతం పెడతాను."

సాయిదివ్య ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వీపుకి ఆనించుకుని నిలబడింది. గంట కొట్టాక కూడా అలాగే చేతులు వెనక్కి పెట్టుకునే క్లాసుకి నడిచి వెళ్లింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రయోగశాలలో ఒక్కదాన్నే ఉన్నాను. సత్యవతమ్మ వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పన్నెండేళ్లలో ఆవిడ అలా చెయ్యగా నేను చూడలేదు.

"టీచరుగారండీ, కోప్పడండి. మీ పిల్ల, మీ ఇష్టం. ఆ చేతుల్ని మాత్రం అనకండి" అంది.

నేనేదో అనబోయాను. ఆవిడ ఆగలేదు.

"నన్ను కూడా ఒకప్పుడు అలాగే అన్నారండి, అందుకని చెప్తన్నాను. పెళ్లయిన ఏడు. నాకు పందొమ్మిదేళ్లు. మొదటిసారి ఎర రొయ్యలు నా చేతికిచ్చి గట్టుకి పంపేరు. అప్పుడు సీసాలు లేవు కదండీ, పాలపొడి డబ్బాలు. నీళ్లు ఒలికిపోతాయని మూతలు గట్టిగా బిగించేశాను. ఎండలో నడిచెల్లి మూత తీసేటప్పటికి అన్నీ తెల్లగా తేలిపోయేయి. మా అత్త ఏమందో తెలుసాండి? నీ చెయ్యి మంచిది కాదంది. ఆ ఏడంతా బతికున్న చేపని ముట్టనివ్వలేదు. వల ఎండేసినా నన్ను దూరంగా నిలబడమనేవోరు. మా ఆయన ఏం మాటాడలేదు. నేను కూడా నిజవేననుకున్నానండి. రాత్రీ పగలూ నా చేతులు నేనే చూసుకునేదాన్ని."

"మరి తర్వాత?" అన్నాను. నా కోపం ఎటుపోయిందో తెలియదు.

"మా అత్త పుట్టింటికెల్లినప్పుడు మూడు డబ్బాలు తీసుకున్నానండి. మూడిట్లోనూ ఒకే పాయ నీళ్లు, అన్నే రొయ్యలు. ఒకటి మూత బిగించేను. ఒకటి మూతే పెట్టలేదు. ఇంకోదానికి మూత పెట్టి మేకుతో బెజ్జాలు పెట్టేను. ఎండలో కూకుని పొద్దుట్నుంచి చూశాను. బిగించిందాన్లోయే ముందు చచ్చేయి. మూత లేందాన్లోయి ఎగిరి బయటికి దూకేసేయి. బెజ్జాలున్నదాన్లోయి సాయంత్రందాకా ఈదేయి. అప్పుడు తెలిసిందండి, తప్పు నా చెయ్యిది కాదు, మూతదని."

నేను బి.ఎస్సీ., బి.ఇడి. చదివాను. మూడు డబ్బాల్లో ఒక్కటే తేడా పెట్టి చూడాలని నాకు ఎవరో నేర్పారు. పందొమ్మిదేళ్ల పిల్లకి, తిట్లు తింటూ, ఎవరూ నేర్పకుండా అది తట్టింది. ఇన్నాళ్లూ ఆవిడని గుండె బొమ్మ ముందు నిలబెట్టి 'తర్వాత' అన్నది నేను. నాకు సిగ్గేసింది.

"సోమవారం ఒకటి అడిగానండి, మీరు తర్వాత చెప్తానన్నారు. ఇప్పుడు చెప్పండి. ఆ గాలి ఎటూ పోదాండి?" అంది ఆవిడ.

కుర్చీ లాగి కూర్చోబెట్టాను. మొదటినుంచి చెప్పాను. "అది ఎటూ పోకూడదండి. అసలు కీలకమంతా అదే. గాలికి బయటికి దారి లేకపోబట్టే నీళ్లని నొక్కుతుంది. రెండు సీసాలూ పూర్తిగా మూసుకుని ఉండాలి. సూదిమొనంత సందు ఉన్నా చాలు, గాలి అటునుంచి..."

ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ నన్ను చూడటం లేదు. బల్లమీది సీసా మూతని చూస్తోంది.

ఆ క్షణంలో తన మనసులో ఏం నడిచిందో తర్వాత ఆవిడే నాకు చెప్పింది. ఏమీ అనకుండా గట్టు మీదికి పోయి, అక్కడ పారేసిన కొత్త మూతలు ఏరి తెచ్చి మార్చేస్తే సరిపోతుందనుకుందట. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. మళ్లీ ఈ వయసులో నీ చెయ్యి మంచిది కాదనిపించుకోవాలా అని భయమేసిందట. కానీ చేతులు వెనక్కి పెట్టుకుని నడిచెళ్లిన పిల్ల కళ్లముందు మెదిలిందట.

ఆవిడ లేచి బయటికి వెళ్లింది. సబ్బు నురగ బకెట్టుతో తిరిగొచ్చింది. వెనకాల సాయిదివ్యనీ, పొద్దున్న చూసిన ఆ నలుగురు పిల్లల్నీ పిలుచుకొచ్చింది. నా అనుమతి అడగలేదు. గుప్పెడు నురగ తీసి రెండు మూతలమీదా పులిమింది.

"నీళ్లు పొయ్యమ్మా" అంది సాయిదివ్యతో.

సాయిదివ్య నన్ను చూసింది. నేను తలూపాను. ఆ పిల్ల చేతులు ముందుకి తెచ్చి, చెంబుతో డబ్బాలో నీళ్లు పోసింది. నీళ్లు కిందికి దిగడం మొదలైంది. మైనం పోసిన చోట నురగ కదల్లేదు. దానికి పక్కనే, మూత అంచు దగ్గర, మూడు చోట్ల చిన్న చిన్న బుడగలు లేచాయి. పెరిగాయి. పగిలాయి. మళ్లీ లేచాయి. పైనున్న సీసా మూతకి మూడు, కింది సీసా మూతకి మూడు.

నురగ తుడిచి, మూతని కిటికీ వెలుగులోకి పట్టుకుంటేగాని ఆ బెజ్జాలు కంటికి కనపడలేదు. వెంట్రుక దూరేంత ఉన్నాయి. సీసా నిటారుగా ఉన్నంతకాలం వాటిలోంచి చుక్క నీరు కారదు. అందుకే మాకు అనుమానం రాలేదు.

"సీసా కడిగేక మూతకి మూడు బెజ్జాలు పెట్టడం నాకు అలవాటండి. సూది కాల్చి పొడిచేత్తాను. ఇవి బడికని ఇచ్చేటప్పుడు గుర్తే లేదు. మా ఇంట్లో బెజ్జం లేని మూత అంటూ ఉండదు" అంది. తర్వాత సాయిదివ్య వైపు తిరిగింది. "దివ్యమ్మా, నీ చేతులు మంచియే. సూది నాది."

ఇక నా వంతు మిగిలింది. తప్పయిందని పిల్లల ముందు చెప్పడం నాకు అలవాటు లేని పని. అయినా లేచి సాయిదివ్య ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఆయమ్మ సోమవారమే అడిగింది, గాలి ఎటూ పోదా అని. నేను అప్పుడే జవాబు చెప్పి ఉంటే సోమవారమే నీ ఫౌంటెన్ లేచేది. సీసాలు మార్చాను గాని మూతలు చూడలేదు. నీ చేతుల్ని అన్న మాట అనకూడనిది దివ్యా. తప్పు నాది" అన్నాను.

సాయిదివ్య "పర్లేదు మేడం" అంది. అని కొవ్వొత్తి వెలిగించింది. ఆరు బెజ్జాల మీదా ఆరు మైనం చుక్కలు వేసింది. ఒక్కొక్క చుక్క గడ్డకట్టేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. అప్పటికి టైము మూడూ నలభై.

నీళ్లు పోసింది. మొదట పెన్ను ములుకు చిన్నగా తుమ్మింది. ఒక బుడగ, ఒక చుక్క. తర్వాత సన్నటి ధార జానెడెత్తు లేచి, వంగి, ఐస్‌క్రీం డబ్బాలోనే పడింది. పిల్లలు కెవ్వుమన్నారు. శ్రీనివాసరావుగారు ఏం విరిగిందోనని పరుగున వచ్చి, ముందు వంగి బల్ల కింద మోటారు కోసం వెతికారు.

సత్యవతమ్మ మాత్రం అరవలేదు. దగ్గరికొచ్చి ధారమీద వేలు పెట్టింది. ధార ఆగింది. తీసింది. ధార లేచింది. మళ్లీ పెట్టింది. అలా చాలాసేపు ఆడింది. తర్వాత నావైపు తిరిగి అడిగింది.

"టీచరుగారండీ, మూత బిగిస్తే ఆ రోజు నా రొయ్యలు చచ్చిపోయేయి. ఇక్కడ మూత బిగిస్తేనే నీళ్లు లేచేయి. రెండిట్లోనూ ఉన్నది ఒకే గాలాండి?"

మర్నాటి ప్రదర్శనకి ఇంకా చార్టులు అంటించాలి, బల్లలు సర్దాలి, పేర్లు రాయాలి. అవన్నీ వదిలేసి, ఆవిడ పక్కన బెంచీమీద కూర్చుని చెప్పాను. ఒకే గాలి అని చెప్పాను. అక్కడ ప్రాణం ఉన్నవి దాన్ని పీల్చుకుని వాడేసుకున్నాయి, కొత్తది లోపలికి రావాలి. ఇక్కడ దాన్ని ఎవరూ పీల్చరు, అది ఊరికే నొక్కుతుంది, కాబట్టి ఉన్నది బయటికి పోకూడదు. ఆవిడ ఇంకో నాలుగు ప్రశ్నలు వేసింది. అందులో ఒకదానికి నాకు జవాబు తెలియదు. అంత సన్న బెజ్జాల గుండా ఎంత గాలి వెళ్తుందని అడిగింది. తెలియదనే చెప్పాను. "అయితే ఇద్దరం చూద్దాం లెండి" అంది.

శుక్రవారం సాయిదివ్య ఫౌంటెన్ ముందు నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకీ ముందు ధార చూపించింది, తర్వాత ఒక మైనం చుక్క పీకి ధార కూలిపోవడం చూపించింది. మళ్లీ మైనం వేసి లేపింది. రెండేళ్లుగా క్లాసులో పెగలని ఆ నోరు ఆ ఒక్క పూటలో మూగబోయేదాకా మాట్లాడింది. మొదటి బహుమతి మాత్రం అగ్నిపర్వతానికే వచ్చింది. పొగ కనిపిస్తే చాలు, మా న్యాయనిర్ణేతలకి ఇంకేమీ కనపడదు. నేను ఆ సంగతి వాళ్ల ముందే అనేశాను. కోపం ఒక్క గురువారంతో పోతుందా?

సాయంత్రం జనం వెళ్లిపోయాక హాలు నిండా తాగి పారేసిన నీళ్ల సీసాలు. సత్యవతమ్మ సంచి పట్టుకుని ఒక్కొక్కటీ ఏరింది. ఎల్లుండి ఆదివారం, గట్టు మీదికి గాలాలవాళ్లు ఎక్కువగా వస్తారు. ప్రయోగశాల గుమ్మంలో చతికిలబడి, మూతలన్నీ ముందు పోసుకుని, మా కొవ్వొత్తి ముక్కే వెలిగించి, జడలోంచి సూది తీసింది.

ఫౌంటెన్ విప్పి సర్దుతున్న సాయిదివ్య అది చూసి వచ్చి పక్కన కూర్చుంది.

"ఆయమ్మా, నేను పెట్టనా బెజ్జాలు?" అంది.

సత్యవతమ్మ సూదిని పమిట చెంగుతో తుడిచి, ఆ పిల్ల అరచేతిలో పెట్టింది.

"పెట్టమ్మా. నీ చెయ్యి మంచిది."